మహేష్ భూపతి: 12 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, 9 మంది జోడీలు

టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన తొలి భారతీయుడు మహేష్ శ్రీనివాస్ భూపతి. చెన్నైలో పుట్టి, మస్కట్‌లో పెరిగి, అమెరికాలో కళాశాల టెన్నిస్ ఆడి, బెంగళూరులో స్థిరపడిన ఆటగాడు. పురుషుల డబుల్స్‌లో 4, మిక్స్‌డ్ డబుల్స్‌లో 8, మొత్తం 12 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు అతని ఖాతాలో ఉన్నాయి. 1999 ఏప్రిల్ 26న డబుల్స్ ర్యాంకింగుల్లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ స్థానానికి చేరిన మొదటి భారతీయుడూ అతడే.

సీనియర్ స్థాయిలో ఇప్పటిదాకా గ్రాండ్‌స్లామ్ గెలిచిన భారతీయులు నలుగురే: మహేష్ భూపతి, లియాండర్ పేస్, సానియా మీర్జా, రోహన్ బోపన్న. నలుగురూ గెలిచింది డబుల్స్‌లో, మిక్స్‌డ్‌లోనే. మిగతా ముగ్గురికీ ఏదో ఒక దశలో జోడీగా నిలిచింది భూపతి. పేస్‌తో 3 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. సానియాకు తొలి గ్రాండ్‌స్లామ్ అతని పక్కన ఆడినప్పుడే దక్కింది. బోపన్నతో ఒక పూర్తి సీజన్ ఆడి పెద్ద టోర్నీలు గెలిచాడు. ఈ పాతికేళ్ల భారత టెన్నిస్ చరిత్రలో మిగతా ముగ్గురినీ కలిపే ముడి అతడే. ఆ ముడి ఎలా పడింది, ఎక్కడ బిగిసింది, ఎక్కడ తెగింది అన్నదే అతని కథ.

బాల్యం, చదువు

భూపతి 1974 జూన్ 7న మద్రాసులో పుట్టాడు. తండ్రి కృష్ణ భూపతి టెన్నిస్ కోచ్. కొడుక్కి తొలి గురువు ఆయనే. కుటుంబం ఉద్యోగరీత్యా ఒమన్‌లో ఉండడంతో మహేష్ బాల్యం మస్కట్‌లో గడిచింది. అక్కడి ఇండియన్ స్కూల్లో చదువుకున్నాడు.

తరువాత అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి కళాశాల టెన్నిస్ చాలా గట్టి పోటీ. దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి వచ్చిన యువ ఆటగాళ్లు జట్లుగా ఏడాది పొడవునా తలపడతారు. 1995లో అలీ హమాదేతో కలిసి అమెరికా అంతర కళాశాలల డబుల్స్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అదే ఏడాది ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి అడుగుపెట్టాడు.

సింగిల్స్‌లో అతని ప్రయాణం ఎక్కువ దూరం సాగలేదు. అత్యుత్తమ ర్యాంకు 217. ఆ ర్యాంకుతో ఏడాది పొడవునా దేశదేశాలు తిరుగుతూ బతుకు వెళ్లదీయడం కష్టం. బలమైన సర్వీస్, నమ్మకమైన బ్యాక్‌హ్యాండ్, ప్రశాంతంగా ఆలోచించే బుర్ర అతనికి ఉన్నాయి. ఈ మూడింటికీ సింగిల్స్ కన్నా డబుల్స్‌లోనే ఎక్కువ విలువ. సింగిల్స్‌లో ఎక్కడో వెనక ఉండిపోవడం కన్నా డబుల్స్‌లో ముందు వరుసకు వెళ్లడం మేలన్న నిర్ణయమే అతని జీవితాన్ని మలుపు తిప్పింది.

డబుల్స్ వేరే ఆట

సింగిల్స్ ఆడలేనివాళ్లు డబుల్స్ ఆడతారన్న చిన్నచూపు మన దగ్గర ఇప్పటికీ ఉంది. నిజానికి రెండూ వేరు వేరు ఆటలు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున కలిపి 36 అడుగులు. కోర్టు పెరిగింది కదా అని ఖాళీ పెరగదు. నలుగురు మనుషులు నిలబడేసరికి ఖాళీ ఇంకా తగ్గుతుంది. అందుకే డబుల్స్‌లో వెనక గీత దగ్గర నిలబడి బంతిని అటూ ఇటూ కొట్టుకుంటూ కూర్చోవడం కుదరదు. ముందుగా నెట్‌ను ఆక్రమించినవాళ్లదే పైచేయి.

ఒకరు సర్వీస్ చేస్తుంటే జోడీ నెట్ దగ్గర నిలబడతాడు. సర్వీస్ ఎటు పడాలి, నెట్ దగ్గరివాడు ఎప్పుడు అడ్డంగా దూకి బంతిని అందుకోవాలి అన్నది పాయింటుకు ముందే మాట్లాడుకోవాలి, లేదా వీపు వెనక వేళ్లతో సైగ చేసుకోవాలి. ఒకడు దూకితే రెండోవాడు అప్పటికే ఆ ఖాళీలోకి జరిగి ఉండాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పాయింటు పోయినట్టే. తప్పెవరిదని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెడితే మ్యాచ్ పోయినట్టే. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి బలంగా ఉంటే చాలదు, రెండూ ఒకే వేగంతో నడవాలి.

1997: పారిస్‌లో తొలి టైటిల్

భూపతికి ముందు భారత టెన్నిస్‌కు ఘనమైన పేరే ఉంది. మద్రాసువాసి రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. 1960, 1961లో సీనియర్ సింగిల్స్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. విజయ్ అమృత్‌రాజ్ ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాళ్లను ఓడించాడు. భారత జట్టు 1966, 1974, 1987లో డేవిస్ కప్ ఫైనల్ చేరింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పేస్ సింగిల్స్ కాంస్యం తెచ్చాడు. అయినా సీనియర్ గ్రాండ్‌స్లామ్ టైటిల్ మాత్రం ఒక్కటీ రాలేదు.

ఆ వెలితిని తీర్చింది 1997 ఫ్రెంచ్ ఓపెన్. అప్పటికి భూపతికి 23 ఏళ్లు నిండీ నిండని వయసు. జపాన్ క్రీడాకారిణి రికా హిరాకితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఆడాడు. ఫైనల్లో అమెరికా జంట లీసా రేమండ్, పాట్రిక్ గాల్‌బ్రైత్‌లను 6-4, 6-1తో ఓడించాడు. ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోని విభాగంలో, పెద్దగా పేరులేని ఇద్దరు కలిసి సాధించిన విజయమది. దాంతో గ్రాండ్‌స్లామ్ మనవల్ల అయ్యేదేనన్న నమ్మకం ఏర్పడింది.

పేస్, భూపతి: 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్'

అదే 1997లో చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో ఏటీపీ టోర్నీ డబుల్స్ టైటిల్‌ను పేస్, భూపతి జంట గెలిచింది. 1998, 1999లోనూ చెన్నైలో విజేతలు వాళ్లే. చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో ఆ తరం వాళ్లకు ఆ మ్యాచ్‌లు ఇంకా గుర్తుండే ఉంటాయి. సింగిల్స్ ఫైనల్‌తో సమానంగా జనం డబుల్స్ చూడ్డానికి వచ్చిన రోజులవి.

ఇద్దరి ఆటా ఒకదానికొకటి సరిగ్గా అతికింది. పేస్ నెట్ దగ్గర మెరుపు, చేతి వేగం అసాధారణం. భూపతి సర్వీస్ బరువైనది, రిటర్న్ గురి తప్పనిది. భూపతి బంతిని కిందకు దించి ఇస్తే, పేస్ మీదపడి ముగించేవాడు. పాయింటు గెలవగానే ఇద్దరూ గాల్లోకి ఎగిరి ఛాతీలు తాకించుకోవడం అప్పట్లో పిల్లలందరూ గల్లీల్లో అనుకరించిన దృశ్యం. పత్రికలు వాళ్లకు 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' అని పేరు పెట్టాయి. అభిమానులు ఇద్దరి పేర్లూ కలిపి 'లీ-హేష్' అన్నారు.

1998లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్ మూడింటిలోనూ సెమీఫైనల్ చేరారు. మూడుసార్లూ అక్కడే ఆగారు. మరుసటి ఏడాది ఆ గోడ బద్దలైంది.

1999: నాలుగు ఫైనళ్లు

ఆ ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీల్లోనూ పేస్, భూపతి ఫైనల్ ఆడారు. 1952 తరువాత పురుషుల డబుల్స్‌లో ఒక జంట ఒకే ఏడాది ఇలా నాలుగు ఫైనళ్లూ చేరడం అదే మొదటిసారి. ఓపెన్ యుగంలో అంతకు ముందు ఎవరూ చేయనిది.

జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో జోనస్ బ్యోర్క్‌మన్, పాట్రిక్ రాఫ్టర్ చేతిలో ఐదు సెట్ల పోరాటం తరువాత ఓడారు. జూన్‌లో పారిస్‌లో గొరాన్ ఇవానిసెవిచ్, జెఫ్ టరాంగోలను 6-2, 7-5తో ఓడించి, గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారత జంటగా నిలిచారు. నెల తిరిగేలోపు వింబుల్డన్‌లో పాల్ హార్హుయిస్, జారెడ్ పామర్‌లపై తొలి సెట్ పోగొట్టుకుని, 6-7, 6-3, 6-4, 7-6తో గెలిచారు. మట్టి కోర్టు మీద, వెంటనే గడ్డి కోర్టు మీద గెలవడం చిన్న విషయం కాదు. మట్టి మీద బంతి నెమ్మదిగా, ఎత్తుగా లేస్తుంది. గడ్డి మీద కిందికి, వేగంగా జారుతుంది. అడుగులు వేసే తీరు దగ్గర నుంచి అన్నీ మార్చుకోవాలి.

యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెబాస్టియన్ లారో, అలెక్స్ ఓబ్రియన్ వాళ్లను ఆపారు. అయితే భూపతి న్యూయార్క్ నుంచి వట్టి చేతులతో రాలేదు. అదే టోర్నీలో జపాన్‌కు చెందిన ఐ సుగియామాతో మిక్స్‌డ్ టైటిల్ గెలిచాడు.

జోడీ తెగిన తరువాత

శిఖరం మీద ఉన్నప్పుడే బీటలు మొదలయ్యాయి. 2000లో కొంతకాలం ఇద్దరూ వేరు వేరు భాగస్వాములతో ఆడారు. ఒలింపిక్స్ కోసం మళ్లీ కలిసినా సిడ్నీలో రెండో రౌండులోనే ఆస్ట్రేలియా దిగ్గజాలు టాడ్ వుడ్‌బ్రిడ్జ్, మార్క్ వుడ్‌ఫోర్డ్ చేతిలో ఓడారు. ఆ ఏడాది చివర డబుల్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ బెంగళూరులో జరిగింది. సొంత ప్రేక్షకుల ముందు ఫైనల్ దాకా వెళ్లి, డొనాల్డ్ జాన్సన్, పీట్ నార్వాల్ చేతిలో ఓడారు.

2001లో పారిస్‌లో పీటర్ పాలా, పావెల్ విజ్నర్‌లపై గెలిచి మూడో గ్రాండ్‌స్లామ్ అందుకున్నారు. ఇద్దరూ కలిసి గెలిచిన చివరి గ్రాండ్‌స్లామ్ అదే. 2002లో టూర్ మీద దారులు వేరయ్యాయి. కారణాలపై ఇద్దరి వాదనలూ వేరు. ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోని రోజులూ ఉన్నాయని తరువాత ఇద్దరూ ఒప్పుకున్నారు. 2021లో జీ5లో వచ్చిన 'బ్రేక్ పాయింట్' డాక్యుమెంటరీ సిరీస్‌లో ఎవరి కోణం వాళ్లు వినిపించారు.

విడిపోయాక భూపతి బెలారస్ ఆటగాడు మాక్స్ మిర్నీతో జతకట్టాడు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో చెక్ జంట యిరి నొవాక్, రాడెక్ స్టెపానెక్‌లను ఓడించి టైటిల్ గెలిచాడు. 2003 వింబుల్డన్ ఫైనల్ కూడా చేరాడు. ఆ తరువాత బహామాస్‌కు చెందిన మార్క్ నోల్స్‌తో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, యూఎస్ ఓపెన్ ఫైనళ్లు ఆడాడు. ఆ యూఎస్ ఓపెన్ ఫైనల్లో నెట్‌కు అవతల నిలబడింది ఎవరో కాదు, పేస్. చెక్ ఆటగాడు లూకాస్ డ్లౌహీతో కలిసి పేస్ ఆ రోజు గెలిచాడు. పదేళ్ల క్రితం ఒకే వైపు నిలబడి ఇదే ఊళ్లో ఫైనల్ ఆడినవాళ్లు, ఇప్పుడు ఎదురెదురుగా ఆడారు.

2011లో ఇద్దరూ మళ్లీ కలిసి చెన్నై ఓపెన్ గెలిచారు. వెంటనే ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ చేరి బ్రయాన్ సోదరుల చేతిలో ఓడారు. అది గెలిచి ఉంటే పురుషుల డబుల్స్‌లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ భూపతి ఖాతాలో ఉండేవి. ఆ ఒక్కటీ మిగిలిపోయింది.

మిక్స్‌డ్ డబుల్స్: ఏడుగురితో ఎనిమిది

భూపతి ప్రత్యేకత తేటగా కనిపించేది మిక్స్‌డ్ డబుల్స్‌లోనే. మిక్స్‌డ్‌కు ఏడాది పొడవునా సాగే టూర్ లేదు. ప్రధానంగా గ్రాండ్‌స్లామ్‌లలోనే ఆడతారు. జోడీలు చాలాసార్లు టోర్నీ మొదలయ్యే ముందు కుదురుతాయి. కలిసి సాధన చేసే సమయం దొరకదు. ఒకటి రెండు మ్యాచ్‌లలోనే ఎదుటి మనిషి అలవాట్లు పసిగట్టాలి. ఆమెకు ఏ బంతి ఇష్టం, ఒత్తిడిలో ఎటు కొడుతుంది, ఎప్పుడు ధైర్యం చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది తెలుసుకోవాలి. అలా ఏడుగురితో ఎనిమిది టైటిళ్లు గెలిచాడు.

రికా హిరాకి, ఐ సుగియామా తరువాత 2002 వింబుల్డన్‌లో రష్యాకు చెందిన ఎలీనా లిఖోవ్‌త్సేవా జోడీ. ఆ ఫైనల్లో అతను ఓడించినవారిలో స్లొవేకియా అమ్మాయి డానియేలా హంతుచోవా ఒకరు. 2005లో వింబుల్డన్‌ను ఫ్రాన్స్ క్రీడాకారిణి మేరీ పియర్స్‌తో గెలిచి, అదే ఏడాది యూఎస్ ఓపెన్‌ను ఆ హంతుచోవాతోనే గెలిచాడు. 2006 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడేళ్లకు పైగా ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చిన మార్టినా హింగిస్‌తో జతకట్టాడు. ఫైనల్లో ఓడినవారిలో లిఖోవ్‌త్సేవా ఉంది. నిన్నటి జోడీ నేటి ప్రత్యర్థి, నిన్నటి ప్రత్యర్థి నేటి జోడీ. డబుల్స్‌లో ఇది మామూలే. అందుకే అక్కడ ఎవరితోనూ పూర్తిగా తెంచుకోవడం కుదరదు.

మెల్‌బోర్న్ విజయంతో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ మిక్స్‌డ్ టైటిల్ గెలిచినట్టయింది. దీన్నే కెరీర్ గ్రాండ్‌స్లామ్ అంటారు.

సానియాతో రెండు టైటిళ్లు

హైదరాబాదీ సానియా మీర్జా, భూపతి 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో సున్ తియాన్‌తియాన్, నెనాద్ జిమోనిచ్ చేతిలో ఓడారు. సరిగ్గా ఏడాది తరువాత అదే మెల్‌బోర్న్‌లో ఫ్రాన్స్‌కు చెందిన నథాలీ డెషీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఆండీ రామ్‌లను 6-3, 6-1తో ఓడించారు. గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారత మహిళగా సానియా నిలిచింది ఆ రోజే. ఇద్దరూ భారతీయులే ఉన్న జంట మిక్స్‌డ్ గ్రాండ్‌స్లామ్ గెలవడమూ అదే తొలిసారి.

2012 జూన్ 7న, భూపతి 38వ పుట్టినరోజు నాడు, ఇద్దరూ పారిస్‌లో రెండో టైటిల్ అందుకున్నారు. 1997లో ఎక్కడ మొదలుపెట్టాడో, 15 ఏళ్ల తరువాత అక్కడే చివరి గ్రాండ్‌స్లామ్ గెలిచాడు. సానియా ఆ తరువాత మహిళల డబుల్స్‌లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. ఆ మూడింటిలోనూ ఆమె జోడీ, ఒకప్పుడు భూపతి జోడీగా ఆడిన మార్టినా హింగిసే.

ఒలింపిక్స్: తీరని లోటు

ఇంత గెలిచిన భూపతికి ఒలింపిక్ పతకం లేదు. దగ్గరగా వచ్చింది 2004 ఏథెన్స్‌లో. టూర్ మీద విడిపోయినా పేస్‌తో కలిసి దేశం కోసం ఆడాడు. తొలి రౌండులో అమెరికా జంట ఆండీ రాడిక్, మార్డీ ఫిష్‌లను, రెండో రౌండులో రోజర్ ఫెదరర్, ఈవ్ అలెగ్రోలను ఓడించారు. సెమీఫైనల్లో జర్మనీ జంట నికొలస్ కీఫర్, రైనర్ షట్లర్ చేతిలో అనూహ్యంగా ఓడారు. కాంస్యం కోసం క్రొయేషియాకు చెందిన మారియో ఆంచిచ్, ఇవాన్ ల్యూబిచిచ్‌లతో దాదాపు నాలుగు గంటలు పోరాడి, 7-6, 4-6, 16-14తో ఓడిపోయారు. మూడో సెట్‌లో ముప్పై గేములు ఆడి, రెండు గేముల తేడాతో పతకం చేజారింది.

2008 బీజింగ్‌లో పేస్, భూపతి క్వార్టర్‌ఫైనల్లో ఫెదరర్, వావ్రింకా చేతిలో ఓడారు. స్వర్ణం గెలిచింది ఆ జంటే.

2012 లండన్‌కు వచ్చేసరికి వివాదం ముదిరింది. అఖిల భారత టెన్నిస్ సంఘం పేస్‌తో ఆడమంటే భూపతి ఒప్పుకోలేదు. ఆ ఏడాదంతా తనతో ఆడుతున్న బోపన్నతోనే ఒలింపిక్స్ ఆడతానన్నాడు. బోపన్న కూడా పేస్‌తో ఆడనన్నాడు. చివరికి సంఘం రెండు జట్లు పంపింది: భూపతి, బోపన్న ఒకటి; పేస్, హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ మరొకటి. మిక్స్‌డ్‌లో సానియాను పేస్‌కు జోడీగా ప్రకటించారు. కొద్దివారాల క్రితమే భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన సానియా, మగవాళ్ల తగవు తీర్చడానికి తనను వాడుకున్నారని బహిరంగంగానే బాధపడింది. పురుషుల జట్లు రెండూ రెండో రౌండు దాటలేదు. మిక్స్‌డ్ జంట క్వార్టర్‌ఫైనల్లో ఆగింది. వాళ్లను ఓడించింది విక్టోరియా అజరెంకా, భూపతి పాత జోడీ మాక్స్ మిర్నీ.

తరువాత సంఘం భూపతి, బోపన్నలను రెండేళ్లపాటు దేశం తరఫున ఆడకుండా నిషేధించింది. వాళ్లు కర్ణాటక హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు.

ఈ గొడవలో ఎవరిది తప్పని అడిగితే అభిమానులు ఇప్పటికీ రెండుగా చీలిపోతారు. సాధన చేసిన జోడీతోనే ఆడతానన్న భూపతి మాటలో ఆట పరంగా న్యాయం ఉంది. దేశం కోసం సర్దుకుపోవాలన్న మాటలోనూ న్యాయం ఉంది. ఎంపిక నియమాలు ముందే స్పష్టంగా ఉండి ఉంటే ఇద్దరు పెద్ద ఆటగాళ్ల మొండితనం అంత దూరం వెళ్లేది కాదు. నష్టపోయింది మాత్రం భారత టెన్నిసే.

డేవిస్ కప్, ఆసియా క్రీడలు

టూర్ మీద మాటలు లేని రోజుల్లోనూ డేవిస్ కప్‌లో పేస్, భూపతి కలిసే ఆడారు. ఆ పోటీల్లో ఇద్దరూ వరుసగా 24 డబుల్స్ మ్యాచ్‌లు గెలిచారు. డేవిస్ కప్ చరిత్రలో అంత పొడవైన గెలుపు వరుస మరే జంటకూ లేదు. అందులో చివరి విజయం 2010లో చెన్నైలో బ్రెజిల్‌పై వచ్చింది. ఆసియా క్రీడల్లో 2002 బుసాన్, 2006 దోహా రెండింటిలోనూ పురుషుల డబుల్స్ స్వర్ణం గెలిచారు.

బోపన్నతో 2012లో భూపతి దుబాయ్ టోర్నీ, పారిస్ మాస్టర్స్ గెలిచి, ఏడాది చివరి ఏటీపీ ఫైనల్స్‌లో తుదిపోరు దాకా వెళ్లాడు. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన మైకేల్ లోద్రాతో దుబాయ్‌లో గెలిచింది అతని చివరి టూర్ టైటిల్. డబుల్స్‌లో మొత్తం 52 టైటిళ్లతో 2016లో ఆటకు వీడ్కోలు పలికాడు.

కెప్టెన్‌గా

2017లో భారత డేవిస్ కప్ జట్టుకు ఆడని కెప్టెన్ అయ్యాడు. తొలి పోటీ బెంగళూరు కబ్బన్ పార్కులోని కోర్టుల మీద ఉజ్బెకిస్తాన్‌తో. ఆ మ్యాచ్‌కు తుది జట్టులో పేస్‌ను తీసుకోలేదు. డేవిస్ కప్ డబుల్స్ విజయాల ప్రపంచ రికార్డుకు పేస్ అప్పటికి ఒక్క గెలుపు దూరంలో ఉండడంతో పాత గాయం మళ్లీ రేగింది. భారత్ మాత్రం 4-1తో గెలిచింది.

ఏడాది తరువాత 2018 ఏప్రిల్‌లో చైనాలోని తియాన్‌జిన్‌లో భారత్ తొలి రోజే 0-2తో వెనకబడింది. కెప్టెన్ భూపతి డబుల్స్‌కు దింపింది పేస్, బోపన్నలను. వాళ్లు గెలిచారు. పేస్‌కు అది 43వ డబుల్స్ విజయం, ప్రపంచ రికార్డు. ఆపైన రెండు సింగిల్స్ కూడా గెలిచి భారత్ 3-2తో పోటీని సొంతం చేసుకుంది. ఒకప్పుడు ఒలింపిక్స్ జోడీల గొడవలో చిక్కుకున్న ముగ్గురూ ఆ రోజు ఒకే బెంచీ వైపు నిలబడ్డారు. 2019లో భూపతి కెప్టెన్సీ ముగిసింది.

ఆట బయట

2002లో క్రీడాకారుల వ్యవహారాలు చూసే గ్లోబోస్పోర్ట్ సంస్థను ప్రారంభించాడు. తండ్రి కృష్ణ భూపతి బెంగళూరులో టెన్నిస్ శిక్షణ కేంద్రం నడిపారు. మహేష్ పేరుతోనూ దేశంలోని పలు నగరాల్లో అకాడమీలు నడిచాయి. 2014లో అతను మొదలుపెట్టిన ఇంటర్నేషనల్ ప్రీమియర్ టెన్నిస్ లీగ్ మనీలా, సింగపూర్, ఢిల్లీ, దుబాయ్ నగరాల్లో సాగింది. ఫెదరర్, జొకోవిచ్ ఢిల్లీలో ఆడడం ఆ లీగ్ వల్లే సాధ్యమైంది. మూడు సీజన్ల తరువాత అది ఆగిపోయింది.

2001లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 2011లో నటి, 2000 విశ్వసుందరి లారా దత్తాను పెళ్లి చేసుకున్నాడు. వారికి ఒక కూతురు.

గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు

పురుషుల డబుల్స్:
1999 ఫ్రెంచ్ ఓపెన్ – లియాండర్ పేస్‌తో
1999 వింబుల్డన్ – లియాండర్ పేస్‌తో
2001 ఫ్రెంచ్ ఓపెన్ – లియాండర్ పేస్‌తో
2002 యూఎస్ ఓపెన్ – మాక్స్ మిర్నీతో

మిక్స్‌డ్ డబుల్స్:
1997 ఫ్రెంచ్ ఓపెన్ – రికా హిరాకితో
1999 యూఎస్ ఓపెన్ – ఐ సుగియామాతో
2002 వింబుల్డన్ – ఎలీనా లిఖోవ్‌త్సేవాతో
2005 వింబుల్డన్ – మేరీ పియర్స్‌తో
2005 యూఎస్ ఓపెన్ – డానియేలా హంతుచోవాతో
2006 ఆస్ట్రేలియన్ ఓపెన్ – మార్టినా హింగిస్‌తో
2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ – సానియా మీర్జాతో
2012 ఫ్రెంచ్ ఓపెన్ – సానియా మీర్జాతో

అతని స్థానం

గణాంకాల్లో పేస్‌కు భూపతి కన్నా ఎక్కువ గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నాయి, ఒలింపిక్ పతకమూ ఉంది. అయితే భారతీయులు గ్రాండ్‌స్లామ్ గెలవగలరని మొదట చూపించింది భూపతి. ఎవరితోనైనా కుదురుకుని గెలవగల నేర్పు అతనిది. అంత నేర్పు ఉన్నవాడికీ అన్నిటికన్నా బాగా కుదిరిన జోడీని నిలుపుకోవడం సాధ్యం కాలేదు. 1999 నాటి ఆ జంట మరో ఐదారేళ్లు టూర్ మీద కలిసి ఆడి ఉంటే ఎన్ని గెలిచేవారో లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు.

చెన్నైలోనో, బెంగళూరులోనో ఈ రోజు పిల్లల్ని టెన్నిస్ శిక్షణకు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ జీవితం నుంచి తెలుసుకోదగ్గవి రెండు. సింగిల్స్‌లో 217వ ర్యాంకు దగ్గర ఆగినవాడు డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ కాగలిగాడు కాబట్టి, ఒక దారి మూసుకుపోతే ఆటే అయిపోయినట్టు కాదు. రెండోది, సర్వీస్, వాలీ నేర్పినంత శ్రద్ధగా పక్కనున్న మనిషితో కలిసి నడవడమూ నేర్పాలి. భారత్‌కు ఇప్పటిదాకా వచ్చిన గ్రాండ్‌స్లామ్‌లన్నీ ఇద్దరు కలిసి గెలిచినవే.